ముందు బాకీలు తేల్చుకోండి

ఈసారి ఉత్తరం ఒక గాయని రాశారు. వయసు ముప్పై ఎనిమిది. పదహారేళ్లుగా సంగీత బృందం నడుపుతున్నారు. తనతో కలిపి పదకొండు మంది. సినిమా పాటలతో మొదలుపెట్టినా పేరు తెచ్చినవి భక్తి పాటలు. రెండు నెలల కిందట ఒక కచేరీలో, రెండు పాటల మధ్య విరామంలో, ఒక ప్రాజెక్టు కోసం ఇళ్లు ఖాళీ చేయించిన కుటుంబాల గురించి మూడు మాటలు మాట్లాడారు. మొదటిది, ‘వానాకాలం వెళ్లేదాకా ఆగి ఉండాల్సింది.’ రెండోది, ‘పరిహారం చేతికి ఇవ్వకుండా ఇళ్లు కూల్చడం అన్యాయం.’ మూడోది, ‘ఇలాంటివాళ్లకు ఓట్లేసినవాళ్లు సిగ్గుపడాలి.’ ఆ వెంటనే పాట అందుకున్నారు. చప్పట్లు బాగానే పడ్డాయట.

తెల్లారేసరికి ఆ మూడో వాక్యం ఒక్కటే చిన్న ముక్కగా కత్తిరించి అందరి ఫోన్లలోకి ఎక్కించారు. ఒప్పుకున్న తొమ్మిది కచేరీల్లో ఆరు రద్దయ్యాయి. కీబోర్డు వాయించే అబ్బాయి వేరే బృందంలో చేరిపోయాడు. మొదటి రోజు నుంచీ తోడున్న తబలా ఆయన ఒక్క మాట కూడా అనలేదు కానీ, ‘వచ్చే నెల ఏమైనా ఉందా అమ్మా?’ అని రెండుసార్లు అడిగారు. కచేరీలు కుదిర్చే మధ్యవర్తి ఒక క్షమాపణ రాసి పంపించి, కెమెరా ముందు చదివేస్తే చాలంటున్నాడు. భర్త మాట కూడా అదే. అవతలి పార్టీ వాళ్లు ఇంటికే వచ్చి, ‘మా వేదిక మీదికి రండి, మిగతాది మేము చూసుకుంటాం’ అని చెప్పి వెళ్లారు. ఆమె మాత్రం రాత్రి రెండింటికి లేచి వ్యాఖ్యలు చదువుతున్నారు. వాటిలో ఒకదాన్ని ఉత్తరంలో ఉన్నదున్నట్టు ఎత్తి రాశారు: ‘అక్కా, మా అత్తగారు మంచంలో ఉన్నారు. పొద్దున్నే మీ పాట పెడితేగానీ కళ్లు తెరవరు. నేను వాళ్లకే ఓటేశాను. నేను సిగ్గుపడాలా?’

చివర మూడు ప్రశ్నలు అడిగారు. నేను నోరు విప్పడమే తప్పా? క్షమాపణ చెప్పాలా? అవతలి పార్టీ నీడకు చేరితే కనీసం బృందానికైనా పని దొరుకుతుందా?

అమ్మా, మీ ఉత్తరంలో ‘జనం’ అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాను. పద్నాలుగు. జనానికి కోపం వచ్చింది, జనం దూరమయ్యారు, జనానికి ఏమని చెప్పను... ఈ జనం అనే మూటను ఒకసారి విప్పి చూద్దాం. అందులో మిమ్మల్ని బూతులు తిట్టినవాళ్లు ఉన్నారు. వాళ్లలో సగం మంది మీ పాట ఒక్కటి కూడా విని ఉండరు. తిట్టమని పురమాయిస్తే తిట్టేవాళ్లు ఉన్నారు. మీరు అన్నదానికి ఈలలు వేసి, కచేరీలు రద్దయ్యాక కనిపించకుండా పోయినవాళ్లు ఉన్నారు. అత్తగారికి పాట పెట్టే ఆ ఇల్లాలు ఉంది. ఆ రోజు వేదిక ఇచ్చిన నిర్వాహకుడు ఉన్నాడు. మీ పదిమంది ఉన్నారు. వీళ్లందరికీ కలిపి ఒకే జవాబు చెప్పాలని చూస్తున్నారు కాబట్టే మీకు జవాబు దొరకడం లేదు. వీళ్లలో మీరు ఎవరికి బాకీ పడ్డారు, ఎవరికి పడలేదు అన్నది ముందు తేలాలి.

తిట్టేవాళ్లకు మీరేమీ బాకీ లేరు. చంపుతాం, ఇంటికొస్తాం అన్న బెదిరింపులు ఉంటే అవి చెరిగిపోకముందే స్క్రీన్‌షాట్లు తీసి, తేదీలతో సహా పోలీసులకు ఇవ్వండి. ఆ పని కూడా మీరు స్వయంగా చేయకండి. మీ మీద అభిమానం, కాస్త మొద్దు చర్మం రెండూ ఉన్న బంధువు ఎవరికైనా ఆ వ్యాఖ్యలు వచ్చే ఖాతా అప్పగించండి. రాత్రి రెండింటికి ఆ మాటలు చదివితే గొంతుకు ఏమవుతుందో నాకన్నా మీకే బాగా తెలుసు.

ఇక నోరు విప్పడం గురించి. ‘పాటలు పాడుకునేదానివి, నీకు రాజకీయాలెందుకు’ అని రాశారట ఎవరో. ఆయన బుర్రకథ చూసి ఉండడు. కథకుడికి అటూ ఇటూ నిలబడే ఇద్దరు వంతల్లో ఒకడి పని హాస్యం, రెండోవాడి పనే రాజకీయం. అడిగి మరీ పెట్టుకున్న ఉద్యోగం అది. కళాకారుడు లోకం గురించి మాట్లాడకూడదన్న నియమం మన కళల్లో ఎప్పుడూ లేదు. మాట్లాడితే నష్టం ఉండదన్న హామీ కూడా ఎప్పుడూ లేదు. తెలుగు కవి పఠాభి భార్య, నటి స్నేహలతారెడ్డిని అత్యవసర పరిస్థితిలో 1976లో జైల్లో పెట్టారు. ఉబ్బసంతో నెలల తరబడి అక్కడే అవస్థ పడి, 1977 జనవరిలో పెరోల్ మీద బయటికి వచ్చిన కొద్దిరోజులకే కన్నుమూశారు. మీ కష్టాన్ని చిన్నది చేయడానికి ఇది చెప్పడం లేదు. మీ ముందు నడిచినవాళ్లు ఉన్నారని చెబుతున్నాను, అంతే.

పోనీ మౌనంగా ఉంటే క్షేమమా? కిశోర్ కుమార్ ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. అదే అత్యవసర పరిస్థితిలో ప్రభుత్వ ప్రచారానికి పాడమంటే కుదరదన్నారు. ఆకాశవాణిలో, దూరదర్శన్‌లో ఆయన పాటలు ఆపేశారు. ఇంకా విచిత్రం కోట శ్రీనివాసరావు సంగతి. ఆయన సొంతంగా ఒక్క అభిప్రాయమూ చెప్పలేదు. 1987లో వచ్చిన ఒక సినిమాలో ఎన్టీఆర్‌ను పోలిన పాత్ర వేశారు. దానికి విజయవాడ రైల్వే స్టేషన్‌లో అభిమానులు కొట్టారని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. పన్నెండేళ్లు తిరిగాక, 1999లో, అదే విజయవాడ తూర్పు నియోజకవర్గం ఆయన్ను ఎమ్మెల్యేగా గెలిపించింది. జనం జ్ఞాపకం ఎంత పదునైనదో అంత మొద్దుది కూడా. కాబట్టి ‘అనవసరంగా నోరు విప్పాను’ అన్న బాధను కాసేపు పక్కన పెట్టండి. విప్పకపోయినా ఏదో ఒక రోజు ఎవరో ఒకరు మీ మౌనానికి అర్థం చెప్పి ఉండేవారు.

అయితే మీరు మాట్లాడింది ఒక మాట కాదు, మూడు. మొదటి రెండూ ప్రభుత్వం చేసిన పని గురించి. వాటిని ఒప్పుకోనివాళ్లు వాదించవచ్చు, పరిహారం లెక్కలు చూపించవచ్చు. మూడోది అలాంటిది కాదు. అది హాలులో మీ ఎదురుగా కూర్చున్నవాళ్ల మీద పడింది. వాళ్లు మీ పాట కోసం వచ్చారు. వాళ్ల చేతిలో మైకు లేదు. మీ వాద్యగాళ్లు తర్వాతి పాటకు శ్రుతి చూసుకుంటున్నారు. ‘నేను ఎందుకు ఓటేశానంటే’ అని లేచి చెప్పే వీలు ఎవరికీ లేదు.

2003లో అమెరికాలో డిక్సీ చిక్స్ అనే ముగ్గురు ఆడపిల్లల సంగీత బృందానికి జరిగినదాన్ని మీలాంటివాళ్లంతా తెలుసుకోవాలి. ఇరాక్ యుద్ధం మొదలవడానికి కొద్దిరోజుల ముందు లండన్ కచేరీలో ప్రధాన గాయని నాటలీ మెయిన్స్, అధ్యక్షుడు తమ టెక్సాస్ రాష్ట్రం మనిషి అయినందుకు సిగ్గుపడుతున్నామని అంది. రేడియోలు వాళ్ల పాటలు ఆపేశాయి. ఒకచోట వాళ్ల సీడీలు పోగేసి ట్రాక్టరుతో తొక్కించారు. ఆమె వాడిన మాట చూడండి. మీరు వాడిందీ అదే, సిగ్గు. కానీ ఆమె సిగ్గును తన మీద వేసుకుంది. మీరు శ్రోతల మీద వేశారు. ఆమెకే అంత జరిగిందంటే, మీ మూడో వాక్యాన్ని పట్టుకుని ఎవరైనా బాధపడితే ఆశ్చర్యం లేదు. కత్తిరించినవాడి దురుద్దేశం వాడిదే. ఆ వాక్యం మాత్రం మీదే.

క్షమాపణ సంగతికి వస్తున్నాను. మధ్యవర్తి రాసి పంపినదాన్ని కూడా ఉత్తరంతో జతచేశారు కదా, చదివి నవ్వుకున్నాను, ఏమనుకోకండి. ‘నా మాటలు ఎవరి మనోభావాలనైనా గాయపరిచి ఉంటే బేషరతుగా క్షమాపణ కోరుతున్నాను’ అని ఉంది. ‘ఉంటే’ అని షరతు పెట్టి, అదే వాక్యంలో ‘బేషరతుగా’ అంటున్నాడు! ఏ మాటకు క్షమాపణో ఎక్కడా లేదు. ఎవరికో కూడా లేదు. ఇది చదివితే మీరు మూడు మాటలనూ వెనక్కి తీసుకున్నట్టే. రద్దు చేసినవాళ్లలో ఒకరిద్దరు తిరిగి పిలవవచ్చు, అది నిజమే, తేలిగ్గా తీసేయను. కానీ ఆ వీడియో మీ పాటలన్నింటికన్నా ఎక్కువమంది చూసే వీడియో అవుతుంది. ఇళ్లు పోయినవాళ్లు కూడా చూస్తారు. మెయిన్స్ కూడా గొడవ మొదలైన నాలుగు రోజుల్లోనే, ఆ పదవికి ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వలేదంటూ క్షమాపణ చెప్పింది. రేడియోలు కరగలేదు. 2006లో ఆమె ఆ క్షమాపణనే వెనక్కి తీసుకుంది. మనసులో లేని క్షమాపణకు రెండుసార్లు ఖర్చవుతుంది, చెప్పినప్పుడొకసారి, వెనక్కి తీసుకున్నప్పుడొకసారి.

అసలేమీ చెప్పకుండా ఊరుకోవడం ఇంకో దారి. పురమాయించిన కోపం ఎక్కువ కాలం నిలవదు. కొత్త గొడవ దొరకగానే అటు వెళ్లిపోతుంది. ఒక ఏడాది సన్నగా గడిపేస్తే చాలావరకు సద్దుమణుగుతుంది. కానీ ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ ఆ ముక్క మళ్లీ బయటికి తీస్తారు. మీ నుంచి జవాబు అనేది ఎక్కడా ఉండదు కాబట్టి వాళ్లు చెప్పిందే మీ మాటగా మిగులుతుంది. నిజంగా నొచ్చుకున్నవాళ్లు కూడా అలాగే మిగిలిపోతారు.

నా మొగ్గు వేరే దారి మీద ఉంది. మొగ్గు అనే అంటున్నాను, తీర్పు కాదు. మూడో మాటకు మాత్రమే క్షమాపణ చెప్పడం. అమెరికా నటి జేన్ ఫోండా వియత్నాం యుద్ధం జరుగుతుండగా, 1972లో, శత్రుపక్షమైన ఉత్తర వియత్నాం రాజధాని హనోయి వెళ్లి, విమానాలను కూల్చే తుపాకీ మీద కూర్చుని ఫోటో దిగింది. అమెరికాలో ఆ ఫోటోను ఈనాటికీ క్షమించనివాళ్లు ఉన్నారు. 1988లో ఆమె టీవీలో మాజీ సైనికులకు క్షమాపణ చెప్పింది. ఆ తుపాకీ మీద కూర్చోవడం తన జీవితంలో పెద్ద తప్పని తర్వాత కూడా చాలాసార్లు అంది. యుద్ధాన్ని వ్యతిరేకించడం తప్పని మాత్రం అనలేదు. ఆమె చెప్పడానికి పదహారేళ్లు పట్టింది. మీకు అంత ఆలస్యం అక్కర్లేదు.

ఇలాంటిది, మీ మాటల్లో: ‘ఓటేసినవాళ్లు సిగ్గుపడాలని అన్నాను. అది అనకూడని మాట. ఎవరి ఓటు వారిది. అందుకు క్షమించమని అడుగుతున్నాను. ఇళ్లు కూల్చిన తీరు గురించి అన్నది నా అభిప్రాయం, అది మారలేదు.’ ఇంతే. ‘ఉంటే’ వద్దు. నన్ను అపార్థం చేసుకున్నారనే మాట వద్దు. కన్నీళ్లు అసలు వద్దు. దీనికయ్యే నష్టం కూడా చెబుతాను. పూర్తి క్షమాపణ అడిగినవాళ్లు ఇది చాలదంటారు, చప్పట్లు కొట్టినవాళ్లు మెత్తబడిపోయిందంటారు. వారం పది రోజులు రెండు వైపుల నుంచీ దెబ్బలు తప్పవు. రద్దయిన ఆరింటిలో ఒక్కటీ తిరిగి రాకపోవచ్చు. కానీ మళ్లీ ఆ ముక్క బయటికి వచ్చినప్పుడు, దాని పక్కన పెట్టడానికి మీ గొంతుతోనే ఒక జవాబు ఉంటుంది.

అవతలి పార్టీ వాళ్ల గురించి ఎక్కువ రాయను. ఇంటికి వచ్చి ధైర్యం చెప్పారు కాబట్టి వాళ్లు మంచివాళ్లే కావచ్చు. కళాకారులు రాజకీయాల్లోకి వెళ్లకూడదని నేననను. ఎన్టీఆర్ 1982 మార్చిలో పార్టీ పెట్టి, 1983 జనవరికి ముఖ్యమంత్రి అయ్యారు. చిరంజీవి 2008లో పెట్టిన పార్టీ మరుసటి ఏడాది 294 స్థానాల్లో 18 గెలిచింది, 2011లో కాంగ్రెస్‌లో కలిసింది. ఇద్దరూ తమంతట తాము బయల్దేరినవాళ్లే. మీరు తలదాచుకోవడానికి వెళ్తున్నారు. ఆ వేదిక ఎక్కిన రోజు, ‘చూశారా, మొదటి నుంచీ వాళ్ల మనిషే’ అని అనడానికి ఇవతలివాళ్లకు సాక్ష్యం దొరుకుతుంది. రేపు వీళ్లే అధికారంలోకి వచ్చి వీళ్లే ఎవరి ఇళ్లో కూలిస్తే మీరు నోరు విప్పగలరా? విప్పగలననిపిస్తే వెళ్లండి. అక్కడ దొరికేది పనే, కాదనను. కానీ ఎన్నికలు అయ్యేదాకా దొరికే పని.

ఇంతవరకూ రాసిందంతా మీరు ఎలాగూ ఆలోచించే ఉంటారు. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన చోటు వేరే ఉంది. ‘వచ్చే నెల ఏమైనా ఉందా అమ్మా?’ ఆ ప్రశ్నకు మీరేం జవాబిచ్చారో రాయలేదు.

చిన్నప్పుడు నేను కొన్నాళ్లు పద్యనాటకాల్లో వేషాలు వేశాను. ఒకసారి చప్పట్ల ఆశతో, నాటకంలో లేని మాట ఒకటి అప్పటి రాజకీయాల మీద విసిరాను. చప్పట్లు పడ్డాయి, దాంతోపాటు రెండు రాళ్లు కూడా పడ్డాయి. నాకు తగల్లేదు. హార్మోనియం వాయించే పెద్దాయన వేదిక అంచున, నాకన్నా ముందు కూర్చుని ఉన్నాడు. ఆయన భుజానికి తగిలింది. తెర దించాక ఆయన నన్ను తిట్టలేదు. ‘ఈసారి అనేముందు నాకు చెప్పమ్మా, కాస్త పక్కకు జరుగుతాను’ అన్నాడు. నలభై ఏళ్లయినా ఆ మాట మరిచిపోలేదు.

మీ బృందంలో పదిమందీ వేదిక అంచున కూర్చున్నవాళ్లే. ఆ మూడు మాటలూ మీవి, నష్టం పదకొండు వాటాలు. నాటలీ మెయిన్స్ పక్కన మిగతా ఇద్దరూ నిలబడ్డారు. ముగ్గురూ కలిసే దెబ్బ తిన్నారు, ఆ తర్వాత 2007లో ఐదు గ్రామీ సంగీత పురస్కారాలూ కలిసే అందుకున్నారు. కానీ నిలబడాలో వద్దో ఆ ఇద్దరూ తమంతట తాము తేల్చుకున్నారు. మీ పదిమందిని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మాట్లాడేముందూ అడగలేదు, మాట్లాడాకా అడగలేదు. కీబోర్డు అబ్బాయి వెళ్లిపోవడాన్ని మీరు ‘నమ్మకద్రోహం’ అని రాశారు. ఆ మాట కొట్టేయండి. అతను పని వెతుక్కున్నాడు.

అందర్నీ ఒకచోట కూర్చోబెట్టండి. మీ ప్రకటన గురించి, ముందు ముందు ఏం చేయదలచుకున్నారో దాని గురించి దాచకుండా చెప్పండి. వీలున్న దారులు వాళ్ల ముందు పెట్టండి. కొన్నాళ్లు బృందం తన పేరు మీద వేరే గాయనితో కచేరీలు చేసుకోవచ్చు. మీరు పాడకపోతే కొన్నిచోట్ల అభ్యంతరం ఉండదు కదా. ఇందులో మీకు అపాయం ఉంది, మీరు లేకుండా నడవడం వాళ్లకు అలవాటైపోవచ్చు. లేదా అందరూ కలిసే ఉండి, వచ్చిన కొద్దిపాటి కచేరీల డబ్బులో మీ వాటా తగ్గించుకుని వాళ్లకు సర్దవచ్చు. అది ఎన్ని నెలలు సాగుతుందో మీ ఇంటి లెక్క మీకు తెలియాలి, మీ ఆయనతో ముందే మాట్లాడండి. ఇకమీదట వేదిక మీద మాట్లాడను, మాట్లాడాల్సినవి నా సొంత పేరుతో బయట మాట్లాడతాను అని కూడా మీరు ఒప్పుకోవచ్చు. ఇది పిరికితనమని మీకు అనిపించవచ్చు. నాకు అలా అనిపించదు. హాలులో వెయ్యిమంది ఎదుట రెండు పాటల మధ్య అనే మాటకన్నా, తీరికగా కూర్చుని ఆ కుటుంబాల గురించి వివరంగా చెప్పే మాటకే ఎక్కువ బలం. ఒకవేళ మిగిలిన తొమ్మిదిమందిలో ఎవరైనా, ‘మేము మీతోనే, మీరు మాట్లాడండి’ అంటే అది వాళ్లు ఇచ్చిన మాట. అప్పుడు ఆ రాయి వాళ్లకు తెలిసే తగులుతుంది.

నిర్వాహకుడికి కూడా ఒక ఫోను చేయండి. ఆ రోజు ఆయన వేదిక మీద, ఆయనకు చెప్పకుండా మాట్లాడారు. ఆయన మీద ఎన్ని ఒత్తిళ్లు వచ్చాయో మీరు అడగలేదనుకుంటాను. కచేరీ ఇమ్మని మాత్రం ఆ ఫోన్లో అడగకండి.

ప్రకటన రాశాక కెమెరా ముందుకు వెళ్లకముందే తబలా ఆయనకు చదివి వినిపించండి. మీరు ఎక్కడ తాళం తప్పుతారో ఇన్నేళ్లుగా ఆయనకు తెలుసు.

ఆ తర్వాత ఇంకొక్క పని. అత్తగారికి పాట పెట్టే ఆవిడ వ్యాఖ్యకు మీరు జవాబివ్వలేదని రాశారు, ఏమనాలో తెలియక. ‘వద్దమ్మా, మీరు సిగ్గుపడక్కర్లేదు. నేనే అనకూడని మాట అన్నాను. మీ అత్తగారికి ఎలా ఉంది?’ అని రాయండి. ఆవిడ జవాబివ్వకపోవచ్చు. ఇచ్చి, మళ్లీ వాళ్లకే ఓటేస్తానని చెప్పవచ్చు కూడా.